కొండలున్న ద్వీపానికి తుపాను ముప్పు తక్కువేనా? గాలి లెక్క వేరు, వాన లెక్క వేరు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "ఎత్తయిన కొండలున్న ద్వీపాన్ని తాకితే తుపాను బలహీనపడుతుందని ఒకచోట చదివాను. ప్రపంచంలో అతి భారీ వానల రికార్డుల్లో చాలా అలాంటి ద్వీపాల మీదే ఉన్నాయని ఇంకోచోట చదివాను. ఇంతకీ కొండ తుపానుకు అడ్డమా, తోడా? ఒకే ద్వీపంలో ఒక పక్క కుండపోత, ఇంకో పక్క పొడి ఎలా సాధ్యం?"

మీరు చదివిన రెండూ నిజమే. కొండ తుపాను గాలిని తగ్గిస్తుంది, వానను మాత్రం పెంచుతుంది. ఆ రెండూ వేరువేరు పనులు, వేరువేరు చోట్ల జరుగుతాయి. గాలి బలం తగ్గడం వల్ల లాభపడేది ఎక్కువగా కొండకు అవతల ఉన్నవాళ్ళు, తుపాను తర్వాతి మజిలీలో ఉన్నవాళ్ళు. పెరిగిన వాన భారం మోసేది ఇవతలి వాలు మీద, లోయల్లో ఉన్నవాళ్ళు. "మాకు కొండలున్నాయి, భయం లేదు" అన్న మాట సగమే నిజం. మిగతా సగం ప్రాణాల మీదికి వస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను. ద్వీపాల మీద వాన అంచనాలు వేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను, అందులో రోజూ చూసేవే ఇవి.

ముందు వాన సంగతి. సముద్రం మీద నుంచి వచ్చే గాలికి ఎదురుగా కొండ వస్తే అది పైకి ఎక్కాలి. పైకి వెళ్ళేకొద్దీ గాలి పీడనం తగ్గి, వ్యాకోచించి చల్లబడుతుంది. ఆవిరితో నిండిన వెచ్చటి ఉష్ణమండల గాలి కిలోమీటరుకు సుమారు 4 నుంచి 5 డిగ్రీలు చల్లబడుతుంది. చల్లబడ్డ గాలి అంత ఆవిరిని పట్టి ఉంచుకోలేదు, మిగిలింది మబ్బవుతుంది, మబ్బు వానవుతుంది. ఇంతవరకు స్కూల్లో చదువుకున్నదే. అయితే ఇందులో అంకెలు ఎంత పెద్దవో చాలామంది ఎప్పుడూ లెక్క వేసి చూసుకోరు. ఒక్కసారి వేద్దాం.

ఉష్ణమండల సముద్రం మీద ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 20 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో వస్తోంది అనుకోండి. ఎదురుగా ఉన్న వాలు, పది మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు ఎత్తు పెరిగేంత. అంటే గాలి సెకనుకు ఒక మీటరు చొప్పున పైకి లేస్తోంది, ప్రతి చదరపు మీటరు మీదుగా సెకనుకు 20 గ్రాముల ఆవిరి పైకి పోతోంది. చదరపు మీటరు నేల మీద ఒక కిలో నీళ్ళు పడితే అది 1 మి.మీ. వాన. ఆ లెక్కన ఆవిరి మొత్తం నీరైతే గంటకు 72 మి.మీ. మొత్తం నీరు కాదు. 3,000 మీటర్ల కొండ ఎక్కినా ఆ ఆవిరిలో మూడో వంతే నీరవుతుంది. కాబట్టి గంటకు 24 మి.మీ. అనుకుందాం.

ఇప్పుడు అదే వాలు మీదికి తుపాను గాలి, సెకనుకు 30 మీటర్ల వేగంతో, అంటే గంటకు 108 కి.మీ. వేగంతో వచ్చిందనుకోండి. వాన మూడింతలు, గంటకు 72 మి.మీ. ఆ గాలి అదే దిక్కు నుంచి 24 గంటలు వదలకుండా వీస్తే 1,700 మి.మీ. దాటుతుంది. ఇది కేవలం కాగితం మీది లెక్క. నిజంగా అయితే కొంత నీరు కొండ దాటి అవతల పడుతుంది, కొంత గాలిలోనే ఆవిరైపోతుంది, మరోపక్క తుపాను తన సొంత వానను కలుపుతుంది. అయినా చూడండి: 24 గంటల వానకు ప్రపంచ రికార్డు 1,825 మి.మీ. అది 1966 జనవరి 7-8 తేదీల్లో, డెనిస్ తుపాను సమయంలో, హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ ద్వీపంలో ఫోక్‌ఫోక్ అనే చోట నమోదైంది. ఫోక్‌ఫోక్ ఉన్నది 2,000 మీటర్లకు పైగా ఎత్తులో. మన ముతక లెక్క ఆ దరిదాపుల్లోకే వచ్చింది. అంత వాన పడటానికి వింత కారణాలేవీ అక్కర్లేదు. నిటారు వాలు, ఆవిరి నిండిన గాలి, వేగం, అవి కదలకుండా నిలబడే సమయం, ఈ నాలుగూ కలిస్తే చాలు.

ఆ నాలుగింటిలో మనుషులు తక్కువ అంచనా వేసేది సమయాన్ని. వార్తల్లో తుపాను పేరు వినగానే అందరూ "గాలి ఎంత? ఏ కేటగిరీ?" అని అడుగుతారు. కేటగిరీ అంటే గాలి వేగాన్ని బట్టి 1 నుంచి 5 దాకా ఇచ్చే అంకె, 5 అన్నిటికన్నా బలమైనది. కొండ ద్వీపానికి మొదట అడగాల్సింది "ఎంత నెమ్మదిగా కదులుతోంది?" అని.

రీయూనియన్ సంగతే ఇంకొంచెం చెప్తాను, ఎందుకంటే ఈ విషయం అర్థం కావడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ద్వీపం మొత్తం 2,500 చదరపు కి.మీ. మాత్రమే. నడుమ పిటోన్ దే నేజ్ అనే శిఖరం, ఎత్తు 3,070 మీటర్లు. చుట్టూ మూడు వైపులా నిట్టనిలువు గోడలున్న లోతైన లోయలు. 2007 ఫిబ్రవరిలో గామెడ్ అనే తుపాను వచ్చింది. దాని కేంద్రం ద్వీపం మీదికి రానే లేదు, 200 కి.మీ. పైగా దూరంలోనే ఉండిపోయింది. కానీ ఆ చుట్టుపక్కలే నెమ్మదిగా తచ్చాడింది. దాని వాన పట్టీలు, అంటే కేంద్రం చుట్టూ తిరిగే పొడవాటి మబ్బుల వరుసలు, రోజుల తరబడి అదే కొండకు తగులుతూ ఉన్నాయి. కొమెర్సోన్ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం దగ్గర మూడు రోజుల్లో 3,930 మి.మీ., నాలుగు రోజుల్లో 4,936 మి.మీ. పడింది. రెండూ ప్రపంచ రికార్డులే. అంతకు ముందు 1980 జనవరిలో హ్యాసింత్ అనే తుపాను 15 రోజుల్లో అదే చోట 6,083 మి.మీ. కురిపించింది. అంటే ఆరు మీటర్ల నీళ్ళు.

హవాయిలో 2018 ఆగస్టులో లేన్ హరికేన్ (అక్కడ బలమైన తుపానును అలా అంటారు) కూడా అలాగే చేసింది. కేంద్రం దక్షిణంగా సముద్రం మీదే ఉంది, తీరం దాటలేదు. ఆ దీవుల్లో అతి పెద్దదైన బిగ్ ఐలాండ్ తూర్పు వాలు మీద మాత్రం నాలుగైదు రోజుల్లో 1,300 మి.మీ. దాటింది. తీరం దాటకపోతే గండం గడిచినట్టే అన్న ఆలోచన కొండ ద్వీపాల విషయంలో పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది.

తుపాను వానలో ఇంకో సంగతి ఉంది. కొండ మరీ ఎత్తుగా లేకపోయినా, ఐదారు వందల మీటర్ల గుట్ట అయినా, వాన చెప్పుకోదగ్గంత పెరుగుతుంది. తుపాను వాన పట్టీ నుంచి చినుకులు పైనుంచి ఎలాగూ పడుతున్నాయి. గుట్ట మీద గాలి ఎక్కడంతో కింద ఒక పలచటి మబ్బు ఏర్పడుతుంది. ఆ మబ్బు ఒంటరిగా ఉంటే మంచులా తేలిపోయేదే, దానికి కురిసే శక్తి లేదు. పైనుంచి పడే చినుకులు ఆ మబ్బులోంచి దూసుకు వస్తూ అందులోని సన్న బిందువులను కలుపుకుని పెద్దవై నేల చేరతాయి. మబ్బు ఖాళీ అయినట్టల్లా వెనక నుంచి వచ్చే గాలి మళ్ళీ నింపుతుంది. రాడార్ బొమ్మలు వరసగా చూస్తే ఇది కళ్ళకు కడుతుంది. సముద్రం మీది వాన పట్టీలు తిరుగుతూ సాగిపోతుంటాయి. గుట్ట ఎదురువాలు, అంటే గాలికి ఎదురుగా ఉన్న వాలు, మీద మాత్రం ఒక ముదురు రంగు మచ్చ కదలకుండా అక్కడే ఉంటుంది, ప్రతి పట్టీ దాటేటప్పుడూ ఇంకాస్త ముదురుతుంది. అలాంటి కదలని మచ్చ కనిపించిందంటే మా పనిలో అందరికీ టెన్షన్ మొదలైనట్టే.

సరే, తుపాను లేని మామూలు రోజుల మాటేమిటి? మీ ప్రశ్నలో రెండో భాగం, ఒక పక్క కుండపోత, ఇంకో పక్క పొడి, ఎక్కువగా ఆ రోజులదే.

కొండ ముందు గాలికి రెండు దారులు: ఎక్కిపోవడం, పక్కనుంచి చుట్టి పోవడం. ఏది ఎంచుకుంటుందనేది గాలి వేగం మీద, కొండ ఎత్తు మీద, గాలి పొరలు పైకి కదలడానికి ఎంత మొండికేస్తాయన్న దాని మీద ఉంటుంది. మామూలు వ్యాపార పవనం (ఉష్ణమండల సముద్రాల మీద తూర్పు వైపు నుంచి నిలకడగా వీచే గాలి) సెకనుకు 8 మీటర్ల వేగంతో వీస్తుంటే, మబ్బు పట్టని గాలి సుమారు 800 మీటర్ల ఎత్తు వరకు ఎక్కగలదని మా ముతక కొలత. అంతకన్నా ఎత్తయిన కొండ వస్తే కింది గాలిలో చాలా భాగం వాగులో బండరాయిని చుట్టుకునే నీళ్ళలా రెండు పక్కలా చీలిపోతుంది. అందుకే కొండ ఎంత ఎత్తుగా ఉంటే అంత వాన అనే సూత్రం చెల్లదు.

దీనికి హవాయి దీవులే సాక్ష్యం. కవాయి ద్వీపంలో వయాలేయాలే శిఖరం ఎత్తు 1,569 మీటర్లే. భూమి మీద అతి ఎక్కువ వాన పడే చోట్లలో అదొకటి, ఏటా సుమారు 10,000 మి.మీ. అక్కడి నుంచి పడమటి తీరానికి పోతే, 30 కి.మీ. లోపే, ఏటా 500 మి.మీ. దగ్గరికి పడిపోతుంది. బిగ్ ఐలాండ్‌లో మౌనా కియా ఎత్తు 4,207 మీటర్లు. దాని తూర్పు పాదం దగ్గరున్న హీలో ఊళ్ళో ఏటా 3,000 మి.మీ. దాటి కురుస్తుంది, శిఖరం మాత్రం ఎడారి లాంటి పొడి నేల.

కారణం గాలి చీలిపోవడం ఒక్కటే కాదు. ఆ ప్రాంతంలో సుమారు 2,000 నుంచి 2,500 మీటర్ల ఎత్తులో కింద చల్లటి తేమ గాలి, పైన వెచ్చటి పొడి గాలి ఉండే పొర ఒకటి ఏడాదిలో ఎక్కువ రోజులు నిలిచి ఉంటుంది. పుస్తకాల్లో దీన్ని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. మబ్బులు ఆ పొరను దాటి పైకి పోలేవు. వయాలేయాలే ఆ పొరకు కిందే ఉంది కాబట్టి రోజూ మబ్బులోనే తడుస్తుంది. మౌనా కియా శిఖరం ఆ పొరకు పైన ఉంది కాబట్టి మబ్బులన్నీ కాళ్ళ కిందే ఉండిపోతాయి. పెద్ద పెద్ద టెలిస్కోపులను అక్కడ పెట్టింది కూడా ఆ పొడి, నిర్మలమైన గాలి కోసమే. పెద్ద కొండల మీద వాన ఎక్కువగా పడేది శిఖరం మీద కాదు, ఎదురువాలులో కొంత ఎత్తు దగ్గర.

కొండ అవతల గాలి దిగుతుంది. దిగేటప్పుడు నొక్కుకుపోయి వేడెక్కుతుంది, మబ్బు కరిగిపోతుంది. అదే వర్షచ్ఛాయ. ఈ నీడ ఎంత దూరం పోతుందో చెప్తే కొందరు నమ్మరు: హవాయి దీవుల వెనక గాలిలోనూ సముద్రపు నీళ్ళలోనూ ఏర్పడే మార్పు పడమటగా సుమారు 3,000 కి.మీ. వరకు సాగుతుందని ఉపగ్రహ పరిశీలనల్లో తేలింది.

మరీ సన్నటి ద్వీపాల్లో చిన్న మెలిక ఉంది. మబ్బు ఏర్పడి, చినుకై, నేల చేరడానికి పావుగంట అటూఇటూ పడుతుంది. ఈలోపు సెకనుకు 8 మీటర్ల గాలి ఏడెనిమిది కి.మీ. పోతుంది. కాబట్టి వాన ఎదురువాలులో కాకుండా శిఖరం దగ్గర, దాన్ని కాస్త దాటి కూడా పడుతుంది. కరీబియన్‌లోని డొమినికాలో అంతే, తడి అంతా నడిమి కొండల మీదే. తుపాను గాలిలో అదే పావుగంటలో చినుకు ముప్పై, నలభై కి.మీ. కొట్టుకుపోతుంది. మామూలు రోజుల్లో పొడిగా ఉండే నీడ వైపు తుపాను రోజున కూడా పొడిగా ఉంటుందని అనుకోవద్దు.

ఇంతకన్నా పెద్ద కారణం ఇంకోటుంది. ఎదురువాలు, నీడ అనేవి కొండకు శాశ్వతంగా రాసిపెట్టినవి కావు. గాలి ఎటు నుంచి వస్తే అటే ఎదురువాలు. శ్రీలంకలో చూడండి. నడుమ 2,524 మీటర్ల పిదురుతలాగల. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలకు పడమటి వాలు తడుస్తుంది, తూర్పు ఎండుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఈశాన్య గాలులకు అంతా తిరగబడుతుంది. రుతుపవనానికి ఆరు నెలలు పట్టే ఈ మార్పు తుపానుకు ఒక పూటలో అవుతుంది, ఎందుకంటే తుపాను గాలి సుడి. కేంద్రం మీకు తూర్పున ఉన్నప్పుడు ఒక దిక్కు నుంచి వీచే గాలి, అది పడమటికి దాటాక సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వీస్తుంది.

తైవాన్‌లో 2009 ఆగస్టులో మొరాకోట్ అనే తుపాను చేసింది ఇదే. గాలి బలం చూస్తే అది మధ్యరకం తుపానే. ఆగస్టు 7న తూర్పు తీరంలో హ్వాలియెన్ దగ్గర తీరం దాటింది, చాలా నెమ్మదిగా కదిలింది. ద్వీపం నడుమ ఉత్తర దక్షిణాలుగా కొండల వరుస ఉంది, అందులో ఎత్తయిన యూషాన్ 3,952 మీటర్లు. తుపాను తూర్పు నుంచి వచ్చింది కదా, తూర్పు వాలు తడవాలి అనుకుంటాం. కేంద్రం ద్వీపం ఉత్తర భాగానికి, ఆ తర్వాత తైవాన్‌కూ చైనాకూ మధ్య ఉన్న జలసంధిలోకి చేరేసరికి, దాని దక్షిణ భాగంలోని పడమటి గాలి, అప్పటికే బలంగా ఉన్న నైరుతి రుతుపవనం, రెండూ కలిసి నైరుతి వాలుకు గుద్దుకున్నాయి. తుపాను దాటిపోయాకే అసలు వాన కురిసింది. ఆలీషాన్‌లో ఐదు రోజుల్లో సుమారు 2,800 మి.మీ. పడింది. ఆగస్టు 9 ఉదయం కొండ విరిగిపడి షియావొలిన్ అనే ఊరు నాలుగు వందలకు పైగా మనుషులతో సహా కప్పబడిపోయింది. ఆ ఊరు ఉన్నది తుపాను వచ్చిన వైపు కాదు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఎక్కువగా గుర్తుండేది ఈ ఒక్క ఉదాహరణే. కొత్తగా చేరిన వాళ్ళకు మొదట చూపించేది కూడా దీని వాన మ్యాపే.

ఇక కొండ తుపానును ఏం చేస్తుందో చూద్దాం. ఉష్ణమండల తుపాను ఎత్తు 12 నుంచి 16 కి.మీ. దాకా ఉంటుంది. మూడు నాలుగు కి.మీ. కొండ దాన్ని గోడలా ఆపలేదు. కాకపోతే తుపానులో గాలి అన్నిటికన్నా బలంగా ఉండేది నేల నుంచి అర కిలోమీటరు, ఒక కిలోమీటరు ఎత్తులో. కొండ సరిగ్గా ఆ పొరనే కోస్తుంది. కింది సుడి నలిగిపోతుంది, పై సుడి దారిన పై సుడి పోతుంది. రెండింటికీ పొత్తు తెగితే తుపాను చతికిలపడుతుంది. దానికి తోడు కింద వెచ్చటి సముద్రం లేక ఆవిరి అందదు. కొండ అవతల దిగే పొడి గాలి కేంద్రంలోకి చొరబడుతుంది.

కరీబియన్‌లో హైతీ, డొమినికన్ రిపబ్లిక్ దేశాలున్న హిస్పానియోలా ద్వీపం ఈ విషయంలో పేరు మోసింది. అక్కడి పికో దువార్తె 3,098 మీటర్లు, కరీబియన్‌లో అన్నిటికన్నా ఎత్తు. 1979 ఆగస్టు 31న డేవిడ్ హరికేన్ 5వ కేటగిరీలో డొమినికన్ రిపబ్లిక్‌ను తాకింది. కొండలు దాటి బయటపడేసరికి దాని గాలి వేగం సగానికి పైగా పడిపోయింది. తర్వాతి దేశాలకు అది వరమే. డొమినికన్ రిపబ్లిక్‌లో మాత్రం సుమారు రెండు వేల మంది పోయారు. పాద్రె లాస్ కాసాస్ అనే కొండ ఊళ్ళో జనం తలదాచుకున్న చర్చినే నది వరద తీసుకుపోయింది. తుపానును బలహీనపరిచిన కొండలే ఆ నదిని పొంగించాయి.

అదే ద్వీపంలో 2004 సెప్టెంబరులో జీన్ అనే తుపాను వచ్చింది. హైతీ ఉత్తర తీరం పక్కనుంచి పోయేసరికి గాలి పరంగా అది చాలా బలహీనం, హరికేన్ కూడా కాదు. కొండల మీద కురిసిన వాన గొనాయీవ్ పట్టణం మీదికి దిగి సుమారు మూడు వేల మంది ప్రాణాలు తీసింది. అడవి పోయిన కొండ కాబట్టి నీరు ఇంకలేదు, మట్టితో సహా కిందికి వచ్చింది. "బలహీనపడింది" అన్న మాట గాలికి సంబంధించింది. వాన గురించి అది ఏమీ చెప్పదు. తుపాను బులెటిన్లు చదివేవాళ్ళందరూ ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే చాలామంది బతుకుతారు.

చిన్న ద్వీపం అయితే తుపానుకు కొండ పెద్ద లెక్కలోకి రాదు. డొమినికాలో 1,447 మీటర్ల శిఖరం ఉంది, ద్వీపం వెడల్పు మాత్రం పాతిక కి.మీ. 2017 సెప్టెంబరు 18 రాత్రి మరియా హరికేన్ 5వ కేటగిరీలో దాని మీదుగా పోయింది. కొంచెం తగ్గి 4వ కేటగిరీకి దిగింది, సముద్రం మీదికి పోగానే మళ్ళీ పుంజుకుని ముందుకన్నా బలపడింది. కేంద్రంలో పీడనం 908 హెక్టోపాస్కల్స్‌కు పడిపోయింది (ఆ పీడనం ఎంత తగ్గితే తుపాను అంత బలం). అంటే కొండ పనిచేయాలంటే ఎత్తు ఒక్కటే చాలదు, తుపాను కేంద్రం కొన్ని గంటల పాటు నేల మీద ఇరుక్కునేంత వెడల్పు కూడా కావాలి.

కొండ తుపాను దారిని కూడా మారుస్తుంది. తైవాన్ దగ్గర ఇది తరచూ కనిపిస్తుంది. తుపానుకూ కొండల వరుసకూ మధ్య ఇరుకు జాగాలో గాలి వేగం పెరిగి, కేంద్రం ఉన్నట్టుండి దక్షిణానికి వంగుతుంది. 2005లో హైతాంగ్, 2007లో క్రోసా తీరం దాటే ముందు సముద్రం మీద చిన్న సున్నా చుట్టాయి. ఒక్కోసారి అసలు కేంద్రం కొండకు ఇవతల ఆగిపోయి, అవతలి వైపు కొత్త అల్పపీడన కేంద్రం పుడుతుంది. చూసేవాళ్ళకు తుపాను కొండ మీదుగా గెంతినట్టు ఉంటుంది. ఇలాంటి తుపానులో తీరం దాటే ఊరి పేరు కచ్చితంగా చెప్పడం కష్టం. కాబట్టి అంచనా దారి గీత మీ ఊరికి 50 కి.మీ. పక్కగా ఉందని నిశ్చింతగా ఉండొద్దు.

గాలి గురించి కూడా ఒక జాగ్రత్త. కొండ గాలిని తగ్గిస్తుందనడం మొత్తం మీద నిజం, ప్రతి చోటా కాదు. శిఖరాల మీద, కనుమల్లో, కొండ కొసల దగ్గర గాలి ఇరుక్కుని వేగం పెంచుకుంటుంది. అవతలి వాలులో పైనుంచి కిందికి విరుచుకుపడే గాలులు కూడా ఉంటాయి. 1992 సెప్టెంబరు 11న ఇనికీ హరికేన్ కవాయిని దక్షిణం నుంచి తాకింది. కొండ వెనక ఉన్న ఉత్తర తీరంలోనూ ఇళ్ళు తీవ్రంగా దెబ్బతిన్నాయి.

పెద్ద ద్వీపాల్లో తుపానులతో సంబంధం లేని వాన కూడా కొండల వల్లే నడుస్తుంది. న్యూగినియా, బోర్నియో లాంటి చోట్ల పగటి ఎండకు వాలు వేడెక్కి, సముద్రపు గాలి లోపలికి వచ్చి, మధ్యాహ్నానికి కొండల మీద ఉరుముల మబ్బులు లేస్తాయి. సాయంత్రం అక్కడ కుండపోత. రాత్రి కొండ చల్లబడి గాలి దిగుతుంది, వాన మెల్లగా తీరం వైపు జరిగి తెల్లవారుజామున సముద్రం మీద కురుస్తుంది. భూమధ్యరేఖకు అతి దగ్గరగా ఉండటం వల్ల అక్కడికి తుపానులు రావడం బహు అరుదు, అయినా వానకు లోటు లేదు.

చివరగా, అంకెలను ఎంతవరకు నమ్మాలి అని మీరు వ్యాఖ్యలో అడిగారు. కొండల మీద వానను కొలవడం నిజంగా కష్టమైన పని. రాడార్ కిరణానికి కొండే అడ్డం, కొండ వెనక ఏం కురుస్తోందో కనబడదు. ఉపగ్రహం మబ్బు పైభాగం ఎంత చల్లగా ఉందో చూసి వాన అంచనా వేస్తుంది. కొండ వాలు మీద తక్కువ ఎత్తు మబ్బుల్లోంచే కుండపోత పడుతుంది కాబట్టి దాన్ని తక్కువగా చూపిస్తుంది. రెయిన్ గేజ్, అంటే వాన కొలిచే పాత్ర, నమ్మకమైనదే, కానీ ఈదురుగాలిలో చినుకులు అడ్డంగా కొట్టుకుపోయి గేజ్‌లో పడేది తగ్గుతుంది. పైగా గేజ్‌లు ఎక్కువగా ఉండేది మనుషులుండే తీరంలో, వాన ఎక్కువగా పడేది మనుషులు లేని వాలులో. కంప్యూటర్ మోడళ్ళు ప్రాంతాన్ని గడులుగా విడదీసి లెక్క వేస్తాయి. గడి సైజు 25 కి.మీ. అయితే రీయూనియన్ లాంటి ద్వీపం నాలుగైదు గడుల్లో ఇమిడిపోతుంది, 3,000 మీటర్ల కొండ చదునై గుట్టలా మారుతుంది, వాన సగానికి సగం తగ్గి కనిపిస్తుంది. మీ ఫోన్ యాప్‌లో కొండ ద్వీపానికి 150 మి.మీ. అని చూపిస్తే అది ఏ గడి సైజు మోడల్ నుంచి వచ్చిందో కనుక్కోండి. రెండు మూడు కి.మీ. గడులున్న ప్రాంతీయ మోడల్ ఉంటే దానికే ఎక్కువ విలువ ఇవ్వండి, స్థానిక వాతావరణ శాఖ హెచ్చరికకు అన్నిటికన్నా ఎక్కువ.

మీరు అలాంటి ద్వీపంలో ఉండబోతున్నారని రాశారు కాబట్టి, తుపాను వార్త వచ్చినప్పుడు నేను చూసే వరుస చెప్తాను. మొదట కదలిక వేగం: గంటకు పది కి.మీ. లోపైతే వాన గురించే ఆలోచిస్తాను. తర్వాత గాలి దిక్కు, గంటగంటకూ: కేంద్రం దాటక ముందు ఏ వాలుకు తగులుతుంది, దాటాక ఏ వాలుకు తగులుతుంది. ఈ రెండో దాన్నే జనం మర్చిపోతారు. ఆ తర్వాత అంతకు ముందు వారంలో ఎంత వాన పడిందన్నది: నేల అప్పటికే నాని ఉంటే కొండచరియలకు కొత్త వాన ఎంతో అక్కర్లేదు. గాలి కేటగిరీ చూసేది వీటి తర్వాతే. తీరంలో ఉప్పెన ముప్పున్న ఇల్లయితే మాత్రం గాలి కేటగిరీకీ మొదటి చోటే.

ఇల్లు చూసుకునేటప్పుడు లోయ నోటి దగ్గర, వాగు మలుపు దగ్గర, నిటారు వాలు పాదం దగ్గర ఉన్న స్థలాన్ని వదిలేయండి, అద్దె ఎంత తక్కువైనా సరే. ఇలాంటి ద్వీపాల్లో నదులు పొట్టివి, పైన కురిసిన వాన ఒకటి రెండు గంటల్లో కిందికి వస్తుంది. మీ ఇంటి మీద ఎండ కాస్తున్నా కొండ మీద మబ్బు కదలకుండా ఉంటే వాగు దాటొద్దు. గాలి ఆగిందని, తుపాను దాటిపోయిందని వెంటనే వాలు కిందికి తిరిగి రావొద్దు. వాన ఆగాక కూడా ఒకటి రెండు రోజుల వరకు చరియలు విరిగిపడుతూనే ఉంటాయి. అధికారులు రమ్మనేదాకా ఆగండి.